నీళ్లు పోతలేవు

మొదట చప్పుడు మారుతుంది.

ఇప్పటిదాకా గిన్నెల మీద నీళ్లు జల్లుమని పడుతున్న సందడి వంటింట్లోంచి వినిపిస్తూనే ఉంది. అది ఆగిపోయింది. దాని చోట ఒకటే మూలుగు. సన్నగా, ఎడతెగకుండా. సింకులోకి వేలాడుతున్న గొట్టం నోట్లోంచి చుక్క రావడం లేదు.

సద్దుల బతుకమ్మ రాత్రి. పరకాల. బతుకమ్మల్ని నీళ్లలో సాగనంపి ఆడవాళ్లు ఇళ్లకు తిరిగొచ్చారు. సత్తుపిండి పంచుకోవడం, తినడం అయిపోయింది. పులిహోర కలిపిన గిన్నెలు, పెరుగన్నం పళ్ళేలు, గాజు గిలాసలు అన్నీ డిష్‌వాషర్‌లో సర్ది బటన్ నొక్కింది అమ్మ. సబ్బుకు ఆమె చేతులు పగులుతున్నాయని నువ్వే కొనిచ్చిన మెషిన్. హైదరాబాద్ నుంచి పండక్కి వచ్చి, ఇప్పుడే మంచం మీద నడుం వాల్చావు.

"బిడ్డా, గిదేందో చూడు. నీళ్లు పోతలేవు."

లేస్తావు. మెషిన్ ముందు చిన్న తెర మీద ఏదో అక్షరం, పక్కన అంకె మిణుకుమంటున్నాయి. బాష్ వాళ్ల మెషిన్లలో ఈ24, ఈ25, ఎల్‌జీలో ఓఈ. ఒక్కో కంపెనీది ఒక్కో గుర్తు. అన్నిటి అర్థం ఒకటే, మురికినీళ్లు బయటికి పోవడం లేదని. కంపెనీకి ఫోన్ చేస్తే మనిషి హన్మకొండ నుంచి రావాలంటారు. అదీ దసరా అయ్యాక. గూడెప్పాడ్ క్రాస్ మీదుగా వచ్చే ఆ మనిషి కోసం కూర్చుంటే లోపల పులిహోర పులిసిపోతుంది.

సరే, మనమే చూద్దాం అనుకుని ముందుకు వంగుతావు. కుడికాలి కింద గోరువెచ్చగా ఏదో తగులుతుంది. నురగ. తలుపు కింది అంచు నుంచి బండల మీదికి పాకుతోంది. పట్టు కోసం ఎడమ చెయ్యి మెషిన్ పైన ఆనిస్తావు.

జివ్వుమంటుంది.

చెయ్యి తియ్యి.

మళ్లీ ముట్టుకోకు. కిందికి చూడు. ఉత్తకాళ్లు. తడి బండ. మెషిన్ ప్లగ్గు గోడకు లేదు, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఉంది. ఆ బాక్సు నేల మీదే ఉంది. నీళ్లకూ దానికీ మధ్య రెండు జానలు.

జానన్నర.

ప్లగ్గు పీకేద్దామనిపిస్తుంది. పీకకు. చెయ్యి తడిగా ఉంది. బాక్సు మీది స్విచ్చయినా నొక్కుదామనిపిస్తుంది. వద్దు. వెనక్కి జరుగు. మెల్లగా. పొడి బండ మీదికి.

"అమ్మా, ఇటు రాకు."

"పైలం బిడ్డా."

వసారాలోకి నడువు. చెయ్యి బట్టలకు తుడుచుకో. చెప్పులు తొడుక్కో. మీటర్ బోర్డు. మెయిన్.

దించు.

ఇల్లంతా చీకటి. మూలుగు ఆగింది. వీధి చివర పాట మాత్రం వినిపిస్తోంది.

ఊపిరి పీల్చుకో. చేతికి జివ్వుమన్నది ఎందుకో ఇప్పుడు ఆలోచించు. ఎర్తింగ్ లేని ప్లగ్గుకు తగిలిస్తే ఇలాంటి మెషిన్ల ఇనుప ఒంటి మీద మంచిగున్నప్పుడు కూడా కొద్దిపాటి కరెంటు నిలిచి ఉంటుంది. ఎర్త్ తీగ ఉంటే అది నేలలోకి దిగిపోతుంది. లేకపోతే నీ చేతి కోసం చూస్తుంది. తడిలో ఆ కొద్దిపాటిది ఎంత అవుతుందో ఎవరూ పందెం కాయలేరు. మరి బోర్డులో 16 ఆంపియర్ల ఎంసీబీ ఎందుకు పడిపోలేదు? అది తీగ కాలిపోకుండా కాపాడేది. మనిషి ప్రాణానికి 30 మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు, గండం. 16 ఆంపియర్లంటే దానికి ఐదొందల రెట్లకు పైన. మనిషి పడిపోయినా ఎంసీబీ పడిపోదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు తిరిగి రాకపోతే, 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే రెప్పపాటులో కోసేస్తుంది. అరలక్ష పెట్టి మెషిన్లు కొనే ఇళ్లలో కూడా అది చాలాచోట్ల ఉండదు. నాకైతే ఇది వింతగానే ఉంటుంది.

ఇప్పుడు సెల్‌ఫోన్ లైటు వెయ్యి. చెయ్యి పొడిగా ఉందా? ప్లగ్గు పీకి, బాక్సును పైన గట్టు మీద పెట్టు. మళ్లీ అది ఈ మెషిన్ దగ్గరికి రాకూడదు. నీళ్లు కాగబెట్టేటప్పుడు మెషిన్ దాదాపు 2,000 వాట్లు తీసుకుంటుంది, అంటే తొమ్మిది ఆంపియర్ల దాకా. బజార్లో దొరికే ఆరు ఆంపియర్ల బాక్సు దానికి ఆనదు. గోడలో పెద్ద పిన్నుల 16 ఆంపియర్ల పాయింటు కావాలి, ఎర్త్ ఉన్నది. ఫ్రిజ్‌కి అలాంటిది వెనకే ఉంది. ఈ రాత్రికి ఫ్రిజ్ ఆగినా ఫరవాలేదు.

కిచెన్ ఎంసీబీ ఒక్కటి దించి ఉంచి మెయిన్ పైకెత్తు. ముందు గదిలో లైటు వస్తుంది. ఆ వెలుగు చాలు.

మెషిన్‌కు నీళ్లిచ్చే నల్లా కట్టెయ్యి. తలుపు తెరు. గుప్పుమని ఆవిరి. లోపల నిండా తెల్లటి నురగ, అడుగున పసుపు నీళ్లు నిలిచి ఉన్నాయి. చెయ్యి పెట్టకు. గట్టి ప్రోగ్రామయితే నీళ్లు 65, 70 డిగ్రీల దాకా కాగుతాయి. డిష్‌వాషర్ పౌడరు కూడా క్షారం, చర్మాన్ని తినేస్తుంది. చల్లారనీ.

అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. ఇది కనిపెట్టినోడెవడో గిన్నెలు తోమినోడు కాదంటుంది. సరిగ్గా పనిచేసేదాన్ని ముందుగా కనిపెట్టింది ఆడమనిషి. జోసెఫిన్ కాక్రన్, అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు షెల్బీవిల్ ఊరు. పనివాళ్ల చేతుల్లో పింగాణీ పళ్ళేల అంచులు ఊడుతుంటే విసిగిపోయి తనే మెషిన్ గీసుకుంది. భర్త చనిపోయాడు, అప్పులు మిగిలాయి. వెనకడుగు వెయ్యలేదు. 1886 డిసెంబర్‌లో పేటెంట్ వచ్చింది, 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో దాన్ని అందరూ చూశారు. ముందుగా కొన్నది ఇళ్లవాళ్లు కాదు, హోటళ్లు. అన్ని వేడినీళ్లు అప్పట్లో ఏ ఇంట్లో ఉంటాయి? ఆమె పులిహోర గిన్నె చూడలేదు గానీ, నీళ్లను గిన్నెల మీదికి బలంగా కొట్టాలన్న ఆమె ఆలోచనే ఇప్పుడు నీ ముందున్న పెట్టెలోనూ ఉంది.

రబ్బరు గ్లవ్స్ వేసుకుని వేలితో చూడు. చల్లారాయి. గిలాసతో నీళ్లు తోడి బకెట్‌లో పొయ్యి, మిగిలినవి స్పాంజితో పీల్చు. కింది ట్రే బయటికి లాగితే అడుగున నడిమధ్యలో గుండ్రటి జల్లెడ కనిపిస్తుంది. ఎడమకి తిప్పి పైకెత్తు. చేతిలోకి వస్తుంది.

కరివేపాకు. మిరపకాయ తొక్క. పల్లీ బద్దలు. మెతుకులు. వారం నుంచి ఎవరూ దీన్ని కడగలేదు. మెషిన్ కడుగుతుంది కదా అని మెషిన్‌ని కడగడం మర్చిపోతాం. నల్లా కింద పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. జల్లెడ వెలుగుకు పెడితే అవతల కనిపించాలి.

ఇప్పుడు జల్లెడ తీసిన గుంట. దాని పక్కగోడలో మురికినీళ్లు తోడే చిన్న పంపు ఉంది. ఇందాక మూలిగింది అదే. తిరగాలని చూసింది, తిరగలేకపోయింది. వేళ్లు దించి తడిమి చూద్దామనుకుంటావు.

ఆగు. గిలాసలు లెక్కపెట్టు.

ఒకటి అంచు విరిగి ఉంది. ఆ ముక్క ఎక్కడ?

లైటు దగ్గరగా పెట్టు. గుంట అడుగున ఏదో మెరుస్తోంది. సన్నగా. పొడుగ్గా. వేలు వద్దు. కటింగ్ ప్లయర్ తెచ్చుకో. మెల్లగా పట్టు. జారింది. మళ్లీ పట్టు. లాగు.

గాజు పెంకు. చింతాకంత లేదు, వేలిని ఎముక దాకా కోసేది.

కాగితంలో చుట్టి పక్కన పెట్టి పని సాగించు. పంపు మీద చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. చెంచా కాడతో అంచు దగ్గర కొంచెం పైకి మీటితే ఊడుతుంది. వెనక రెండు మూడు రెక్కల చక్రం. ఆ రెక్కల సందులో నల్లగా, నున్నగా, బిగుసుకుని, చింతగింజ.

అమ్మకు చూపిస్తావు. "పులుసు పిసికినప్పుడు పడ్డదేమో" అంటుంది, ఏమీ ఎరగనట్టు.

గింజ తీసేసి చెంచా కాడతో చక్రం తిప్పి చూడు. సాఫీగా తిరగదు, ఆగి ఆగి, గంతులేస్తూ తిరుగుతుంది. పాడైందని భయపడకు. లోపల అయస్కాంతం పట్టి లాగుతుంది, దాని తిరుగుడే అంత. అసలు కదలకపోయినా, వదులుగా ఊగిపోతున్నా అప్పుడు పంపు మార్చాల్సిందే. మూత మళ్లీ పెట్టి టక్కుమనేదాకా నొక్కు. ఈ మూత సరిగ్గా కూర్చోకపోతే మళ్లీ అదే మూలుగు, అదే అక్షరం. చాలామంది పంపే పోయిందని కొత్తది కొనేది ఇక్కడే. జల్లెడ పెట్టి కుడికి తిప్పి బిగించు.

వెనక గొట్టం కూడా చూసుకో. ఎక్కడా మడత పడలేదు, నోరు సింకు అంచుకు కట్టే ఉంది. అదే మంచిది. కొందరు దాన్ని నేల మీద మోరీలోకి వదిలేస్తారు. అప్పుడు మెషిన్ నింపుకున్న నీళ్లు నింపుకున్నట్టే కిందికి జారిపోతాయి. ఎంతసేపు నింపినా నిండదు. నేల నుంచి కనీసం రెండు జానల ఎత్తు దాకా గొట్టం లేవాలి.

బండలు తుడిచెయ్యి. ఫ్రిజ్ పాయింటుకు ప్లగ్గు పెట్టు. ఎంసీబీ పైకెత్తు.

మెషిన్ తనంతట తనే మోగుతుంది. నువ్వు ఏ బటనూ నొక్కలేదు. పంపు తిరుగుతోంది, హాయిగా, ఏ అడ్డూ లేకుండా. సింకులోకి కొంచెం నీళ్లు వచ్చి ఆగిపోయాయి. పంపు మాత్రం ఆగడం లేదు. తోడటానికి ఏమీ లేకపోయినా తోడుతూనే ఉంది. ఆఫ్ నొక్కినా అంతే.

గింజ తీశాక కూడా ఏమిటిది?

కింద, నీకు కనిపించని చోట, మెషిన్‌కు ఒక తట్ట ఉంటుంది. ఎక్కడ కారినా నీళ్లు అందులోకే చేరతాయి. అందులో ఒక తేలే థర్మాకోల్ బిళ్ల. నీళ్లు చేరితే అది పైకి లేచి ఒక స్విచ్చును నొక్కుతుంది. అంతే, మెషిన్ కొత్త నీళ్లు రానివ్వదు, ఉన్నవి తోడటం ఆపదు. ఇల్లు మునగకుండా పెట్టిన కాపలా అది. బాష్ వాళ్లు దీన్ని ఈ15 అంటారు. కాపలావాడి తప్పేం లేదు. తట్టలోకి నీళ్లెలా వచ్చాయన్నదే ప్రశ్న. రబ్బరు చిరిగిందా? గొట్టం పగిలిందా? లేక...

నురగ. డిష్‌వాషర్ పౌడరుకు నురగ దాదాపు రాదు, రాకుండానే తయారుచేస్తారు. మరి ఇంత నురగ?

"అమ్మా, ఏం సబ్బు వేశావు?"

"బిళ్లలు అయిపోయినయ్. సింకు కాడిది ఏసిన. గదీ సబ్బే గద."

చేత్తో గిన్నెలు తోమే లిక్విడ్. నురగ రావడమే దాని పని. పంపు నీళ్లను గట్టిగా కొట్టేసరికి నురగ పొంగింది, తలుపు అంచు దాటింది, కొంత బండల మీదికి, కొంత తట్టలోకి. అమ్మను ఏమీ అనకు. బిళ్లలు తేవాల్సింది నువ్వు.

మళ్లీ ఎంసీబీ దించు. ప్లగ్గు పీకు. నల్లా కట్టే ఉందా? గిన్నెలన్నీ తీసి గట్టు మీద పెట్టు, తలుపు మూసెయ్యి. ఇప్పుడు ఇద్దరు కావాలి. పక్కింటి పిల్లగాణ్ణి పిలువు. మెషిన్ సుమారు 45 కిలోలుంటుంది. గట్టు కిందినుంచి ముందుకు లాగి, ఇద్దరూ చెరోవైపు పట్టుకుని వెనక్కి వంచండి. నిదానంగా. గొట్టాలు నలగకుండా చూడు. కాళ్లు దూరంగా పెట్టు. ఇంకొంచెం. సగానికి.

కింది సందుల్లోంచి బండల మీదికి బొళబొళమని సబ్బునీళ్లు.

అలాగే పట్టుకోండి. ఆగిందా? ఇంకో చెంబెడు. చాలు. దించండి, మెల్లగా. పాత చీర ముక్కతో తుడిచి, ముందు గదిలోంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చి కిందికి గాలి తగిలేలా పెట్టు. ప్లగ్గు ముందు గదిలోదే. తడి ఆరేదాకా మెషిన్‌కు కరెంటు లేదు. ఈ తడి సబ్బుది కాబట్టి భయం లేదు. సబ్బు మార్చాక కూడా తట్టలో నీళ్లు చేరితే లోపల ఎక్కడో కారుతున్నట్టు, అప్పుడు తెలిసిన మనిషి చూడాలి. కాలిన వాసన వచ్చినా, బోర్డు మీద నల్లటి మచ్చ కనిపించినా అక్కడికక్కడే ఆగిపో. నీళ్ల దారి వరకే ఇంట్లో చూసుకునే పని. హీటర్, సర్క్యూట్ బోర్డు జోలికి పోకు.

తడి ఆరేలోపు చెయ్యాల్సినవి ఉన్నాయి. పై ట్రే గిలాసలు ఈమధ్య సరిగ్గా రావడం లేదని అమ్మ పొద్దున్నే అంది. పై ట్రే కింద తిరిగే రెక్క ఊడదీసి చెవి దగ్గర ఊపు. గలగలమంటోంది. రెక్కకు వరుసగా సన్నటి బెజ్జాలు, నీళ్లు వాటిలోంచే చిమ్మాలి. ఒక్కో బెజ్జంలో ఒక్కో ఆవగింజ కూర్చుంది. పోపు ఆవాలు. పిన్నీసుతో పొడిచి, లోపల నీళ్లు పోసి ఊపి దులుపు. మన వంటింట్లో మెషిన్‌కు అసలు శత్రువులు ఆవాలు, చింతగింజలు, బోరునీళ్లు.

బోరునీళ్ల సంగతి ఇప్పుడే తెలుస్తుంది. నీళ్లు తెచ్చే గొట్టం మరను నల్లా దగ్గర విప్పు. లోపల వేలిగోరంత జల్లెడ బిళ్ల. దాని మీద సన్నటి ఇసుక, తెల్లటి సున్నం పొర. దాన్ని కడిగి పెట్టు. గొట్టం చివర ప్లాస్టిక్ డబ్బా ఉంటే మాత్రం దాన్ని నీళ్లలో ముంచకు, కొయ్యకు. అందులో కరెంటుతో నడిచే వాల్వు ఉంటుంది.

నల్లా కింద పది లీటర్ల బకెట్ పెట్టి పూర్తిగా తిప్పు. నిమిషానికల్లా నిండాలి. ఇక్కడ నిండింది. నిండకపోతే ట్యాంకు ఎత్తు చూడాలి. పది మీటర్ల ఎత్తు నీళ్లకు ఒక బార్ ఒత్తిడి వస్తుంది, చాలా మెషిన్లకు అందులో సగమైనా కావాలి. అంటే ట్యాంకు నల్లాకన్నా ఐదు మీటర్లు పైన ఉండాలి. వంటిల్లు పై అంతస్తులో, ట్యాంకు నెత్తి మీదే ఉన్న ఇళ్లలో మెషిన్ నల్లా బొమ్మ చూపించి మొరాయిస్తుంది. తప్పు మెషిన్‌ది కాదు, చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకోవాలి.

తడి ఆరింది. చేత్తో తడిమి చూడు. ఆరింది. రెక్క పెట్టు, గొట్టం నల్లాకు బిగించు, మెషిన్ లోపలికి నెట్టు. ప్లగ్గు. నల్లా. చెప్పులు కాళ్లకే ఉన్నాయి కదా. ఎంసీబీ.

నిశ్శబ్దం. పంపు దానంతటదే తిరగడం లేదు.

మిగిలిన నురగ మీద అరకప్పు వెనిగర్ చల్లి, సబ్బు లేకుండా, గిన్నెలు లేకుండా, ఉత్త నీళ్ల ప్రోగ్రాం పెట్టు. ఇక కూర్చుని విను. ముందు సన్నగా సుయ్యిమని నీళ్లు రావాలి. వచ్చాయి. తర్వాత జల్లుమని తిరగాలి. తిరుగుతున్నాయి, పైనా కిందా రెండుచోట్లా. కాసేపటికి చప్పుడు ఆగుతుంది. నీ గుండె కూడా. తర్వాత సింకులో గొట్టం ఒక్క ఉలికిపాటు ఉలికి, బుస్సున నురగనీళ్లు కక్కుతుంది.

"పోయినయ్!" అమ్మ చప్పట్లు కొడుతుంది.

నురగ తగ్గేదాకా ఇదే మళ్లీ మళ్లీ. తెర మీద ఉప్పు దీపం వెలుగుతూ ఉంటుంది. లోపల నీళ్లలోని సున్నాన్ని పట్టే రెజిన్ గింజలు ఉంటాయి, వాటిని మళ్లీ పనికొచ్చేలా చేసేది ఉప్పు. కూరల్లో వేసే అయోడిన్ ఉప్పు వెయ్యకు. అది గడ్డకట్టకుండా కలిపే పొడి ఆ గింజలను చెడగొడుతుంది. డిష్‌వాషర్ ఉప్పే తేవాలి. నింపేటప్పుడు కింద ఒలికిన ఉప్పు స్టీలును తినకుండా వెంటనే ఒకసారి మెషిన్ నడపాలి. తెచ్చేదాకా గిలాసల మీద తెల్లపొర వస్తుంది. దాన్ని వెనిగర్‌తో తుడువు, పోతే సున్నం. పోకపోతే గాజే అరిగిపోయింది, దానికి మందు లేదు.

అమ్మ అప్పుడే గట్టు మీది గిన్నెలు తిరిగి సర్దడం మొదలుపెట్టింది. ఈసారి ప్రతి గిన్నెనూ చెత్తబుట్ట మీద వంచి, కరివేపాకు గీకి మరీ పెడుతోంది. స్టీలువి పెట్టనివ్వు. అల్యూమినియం బగోనె చేతిలోకి తీసుకుంది. అది వద్దు, క్షారానికి నల్లబడుతుంది. పక్కన పెట్టి ఇత్తడి చెంబు ఎత్తింది. అదీ వద్దు. ఇనుప పెనమూ వద్దు.

"ఇగ నేను తోమేటియే ఎక్కువున్నయ్ గదరా" అని అమ్మ మూడింటినీ సింకులో పడేసి చింతపండు డబ్బా కోసం చూస్తుంది.